డెబ్బై బస్తాల లెక్క

మా లెక్కల సారు పోయిన మంగళవారం పొద్దున కన్నుమూశారు. సంగారెడ్డిలో నేను క్లాసులో ఉండగా అటెండరు తలుపు దగ్గరికి వచ్చి, "మేడం, జహీరాబాద్ నుంచి ఫోనొచ్చింది. మీ లెక్కల సారు పోయిన్రట. మూడు గంటలకు మట్టి చేస్తరట" అన్నాడు. బోర్డు మీద సగం రాసిన సమీకరణాన్ని అలాగే వదిలేసి బస్సెక్కాను.

ఆయన పేరు జహీరాబాద్ దాటితే ఎవరికీ తెలియదు. పుస్తకం రాయలేదు, పదవి చేయలేదు. హైదరాబాద్‌లో మొదలుపెట్టిన పరిశోధన ఇంటి ఇబ్బందుల వల్ల మధ్యలోనే ఆగిపోయింది. అయినా ఆయన గురించి నాలుగు మాటలు రాయకుండా ఉండలేకపోతున్నాను. అందులో నేను ఒప్పుకోవలసిన మాట కూడా ఒకటుంది.

ఎమర్జెన్సీ ఎత్తేసిన ఏడాది నేను జహీరాబాద్ కాలేజీకి ఫిజిక్స్ చెప్పడానికి వచ్చాను. స్టాఫ్ రూములో కిటికీ పక్కన ఆయన కుర్చీ. బల్ల మీద చేత్తో తిప్పే పాత లెక్కల మిషను ఒకటి ఉండేది. హైదరాబాద్‌లో ఎవరో పాత సామానులో పడేస్తే తెచ్చుకున్నారట. పిడి తిప్పినప్పుడల్లా కరకరమని చప్పుడు చేసేది. ఆయన పూర్వీకులది బీదర్ వైపు, అందుకే అంకెలు కూడేటప్పుడు పెదవుల మీద కన్నడం వచ్చేది. ఒందు, ఎరడు, మూరు అని గొణుక్కుంటూ, పాత ఆన్సరు పేపర్ల వెనక సన్నని అక్షరాలతో రాసుకునేవారు. మధ్యాహ్నం జొన్నరొట్టె తింటూ కూడా ఎడమ చెయ్యి ఆ కాగితం మీదే ఉండేది.

ఆయనకు ఇష్టమైనవి సూటిగా తెగని లెక్కలు. "రెండింతలు బరువేస్తే రెండింతలు వంగేది పుస్తకాల్లనే ఉంటదమ్మా. బయట ఉన్నదంత వంకరనే" అనేవారు. అలాంటి లెక్కను ఎలా పట్టుకోవాలో నాకు మొదటిసారి చెప్పింది ఆయనే. "మొదలు ఒక అబద్ధం రాయాలె. జవాబు గింత ఉండొచ్చని. తర్వాత దాన్ని అడగాలె, నిజానికి నువ్వు ఎంత దూరంల ఉన్నవని. అది చెప్పినంత జరిగి మల్ల రాయాలె. మల్ల అడగాలె. ఐదారు సార్లకు అబద్ధం నిజం దగ్గరికొస్తది." నేను ఎమ్మెస్సీలో రెండేళ్లు చదివిన పద్ధతి అది. ఆయన నోట విన్నాకే అర్థమైంది.

మూడేళ్ల తర్వాత అల్లం వ్యాపారి ఒకాయన చిరాగ్‌పల్లి దాటాక రోడ్డు పక్కన గోదాము కట్టించాడు. ఇనుప పైపులను విల్లులా వంచి, పైన రేకులు పరిచిన కప్పు. ఖర్చు తగ్గుతుందని వంపు బాగా తక్కువ పెట్టించాడు. దూరం నుంచి చూస్తే చదునుగానే కనిపించేది. తర్వాత చోటు చాలక, ఆ పైపుల నుంచే కడ్డీలు వేలాడదీసి చెక్కల అటక వేయించాడు. విత్తనపు అల్లం బస్తాలు దాని మీద పెట్టాలని ఆయన ఆలోచన.

ఆ ఇనుప పని చేసిన మేస్త్రీది మొగుడంపల్లి. ఒకరోజు మధ్యాహ్నం సారును వెతుక్కుంటూ స్టాఫ్ రూముకు వచ్చాడు.

"సార్, అటక మీద ఇరవై బస్తాలేస్తే కప్పు నడుమల ఒక వేలు మందం దిగింది. నలభై ఏస్తే రెండు వేళ్ల కన్న జర ఎక్కువ దిగింది. సేటు ఎనభై ఏయమంటుండు. నాలుగు వేళ్లే కద దిగాలె. కని మనసుల ఎందుకో భయమైతుంది."

"నాలుగు వేళ్లని ఎవరు చెప్పిన్రు?" అని అడిగారు సారు.

"లెక్క అంతే కద సార్."

"సూటిగ పొయ్యేదానికి అంతే. ఇది వంకరది. దిగినకొద్దీ కప్పు బలం తగ్గుతది. బలం తగ్గినకొద్దీ ఇంక దిగుతది. జర ఆగు, చూసి చెప్త."

మర్నాడే ఆయన మేస్త్రీతో వెళ్లి పైపుల మందం, వంపు, పొడవు అన్నీ కొలుచుకొచ్చారు. లెక్క మొదలైంది. నేను అంకెలు చదివేదాన్ని, ఆయన మిషను తిప్పేవారు. ఇరవై బస్తాలకు నాలుగు సార్లలో జవాబు నిలిచింది. మేస్త్రీ చెప్పిన వేలుకు సరిగ్గా సరిపోయింది. నలభైకి ఆరు సార్లు పట్టింది. యాభైకి తొమ్మిది. అరవైకి ఒక సాయంత్రమంతా పట్టింది. డెబ్బైకి వచ్చేసరికి అంకెలు మాట వినలేదు. ఒకసారి ఐదంగుళాలు, తర్వాత రెండు, తర్వాత పదకొండు, ఆ తర్వాత కప్పు పైకి లేచినట్టు మైనస్. ఎక్కడో కూడికలో తప్పు పోయిందనుకున్నాం. మొదటి నుంచి మళ్లీ చేశాం. మళ్లీ అదే తీరు.

మూడో రోజు ఆయన మిషను మీద నుంచి చెయ్యి తీసి, చాలాసేపు కాగితాన్ని చూశారు. "అమ్మా, ఇది తప్పు కాకపోవచ్చు. డెబ్బై బస్తాలకు ఆ కప్పు నిలబడే చోటే లేదేమో. లేనిదాన్ని మనం వెతుకుతున్నమేమో" అన్నారు.

అప్పుడు నేనన్న మాట ఇది. "జవాబు రాలేదని వాళ్లకెట్ల చెప్తం సార్? నవ్వుతరు. ఇంకోసారి చేసి చూద్దాం."

ఆయన నా వైపు చూసి, "సరే, ఇంకోసారి" అన్నారు.

ఆ సాయంత్రమే మేస్త్రీ వచ్చాడు. గుమ్మం దగ్గరే నిలబడి, "ఏమన్న తేలిందా సార్?" అన్నాడు.

"ఇంక తెగలే. రెండు రోజులాగు."

"సేటు ఆగుతలేడు సార్. యాభై ఏసినం. మంచిగనే ఉన్నది."

"యాభై దాక ఫికర్ లేదు. ఆ మీద..." అని సారు ఆగారు. కాగితాల వైపు చూశారు, తర్వాత నా వైపు. "ఆ మీద ఎంతనో నేను చూసి చెప్త."

మేస్త్రీ తల ఊపి వెళ్లిపోయాడు.

రెండో రోజు పొద్దున పదకొండు గంటలకు, యాభై మీద ఇంకా బస్తాలు ఎక్కిస్తుండగా కప్పు కూలింది. అంతవరకు నెమ్మదిగా దిగుతూ వచ్చినది ఒక్కసారిగా కిందికి తిరగబడి లోపలికి వచ్చేసిందట. రెప్పపాటులో అయిపోయిందని బయట ఉన్నవాళ్లు చెప్పారు. ఎంత దిగిందో కొలుద్దామని స్కేలు పట్టుకుని మేస్త్రీ సరిగ్గా దాని కిందే ఉన్నాడు. బస్తాలు మోస్తున్న ఒకావిడ కూడా ఉంది. ఇద్దరి ప్రాణం అక్కడికక్కడే పోయింది, దవాఖానకు తీసుకుపోయే పని కూడా లేకపోయింది.

విచారణకు వచ్చిన అధికారి ముందుకు సారు ఎవరూ పిలవకుండానే వెళ్లారు. నేనూ వెంట వెళ్లి బయట బెంచీ మీద కూర్చున్నాను. తలుపు తెరిచే ఉంది, లోపలి మాటలు వినిపించాయి.

"మీ మీద కేసేం లేదు సార్. మీరెందుకు ఇరుక్కుంటరు?" అన్నాడు అధికారి.

"నేను చెప్పింది రాయున్రి. యాభై దాటొద్దని చెప్పేంత తెలిసి కూడ నేను చెప్పలే. లెక్క పూర్తి కాలేదని ఆగిన."

లెక్కలో ఇంకెవరైనా ఉన్నారా అని అధికారి అడిగాడు. లేరు అన్నారు సారు. నేను బెంచీ మీద నుంచి లేవలేదు. లేచి లోపలికి పోవడానికి పది అడుగులు. ఇన్నేళ్లలో ఆ పది అడుగులు నేను వేయలేదు.

తర్వాత ఆయన మొగుడంపల్లిలో మేస్త్రీ ఇంటికి వెళ్లారు. అక్కడ ఏం జరిగిందో చాలా రోజులు చెప్పలేదు. ఒకసారి మాత్రం, పరీక్ష పేపర్లు దిద్దుతూ తలెత్తకుండా అన్నారు. "ఆయన భార్య ఏం తిట్టలేదమ్మా. రెండు రోజులాగమన్నరట కద సార్, ఆ రెండు రోజులు అయినయా అని అడిగింది. అంతే."

ఆ నెలలోనే ఆయన లెక్క పూర్తి చేశారు. ఇన్ని బస్తాలకు ఎంత దిగుతుందని అడగడం మానేసి, ఇంత దిగాలంటే ఎన్ని బస్తాలు కావాలని తిరగేసి అడిగారు. ఒక్క పూటలో అయిపోయింది. దిగినకొద్దీ బస్తాలు పెరుగుతూ అరవై మూడు దాకా వచ్చి, అక్కడి నుంచి తగ్గడం మొదలైంది. అంటే అరవై మూడు దాటితే ఆ కప్పుకు నిలబడే చోటు లేదు. నాకు ఆ కాగితం చూపించి, "ఒక్క పూట పని" అన్నారు.

తర్వాత ఆదివారాలు ఊళ్లోని మేస్త్రీలకు క్లాసు చెప్తానని మొదలుపెట్టారు. రెండు ఇటుకల మధ్య సన్నని రేకు ముక్కను వంచి ఇరికించి, పైన వేలితో నొక్కమనేవారు. కొంతదాకా వేలికి ఎదురు తిరిగేది. ఆ తర్వాత టక్కున కిందికి తిరగబడేది. "తిరగబడే ముందర అది మెత్తగైతది, చూసిన్రా? మెత్తగైందంటే చెయ్యి తియ్యాలె. లెక్క కోసం చూడొద్దు" అని చెప్పేవారు. మొదటి వారం పదిహేను మంది వచ్చారు. చలికాలం పోయేసరికి ఇద్దరే మిగిలారు. ఆ ఇద్దరికీ పనులు తగిలాక ఆయన ఒక్కరే గది తెరిచి కాసేపు కూర్చుని వచ్చేవారు. ట్రాక్టర్ల ఫ్యాక్టరీ వచ్చాక ఊరంతా కొత్త షెడ్లు లేచాయి. ఆయన ఏ షెడ్డు కిందికీ పోయేవారు కాదు. ఎండలోనైనా బయటే నిలబడేవారు.

చక్కెర జబ్బు ఆయన కళ్లను తినేసింది. చివరి రెండేళ్లు మనిషి నీడను పట్టి గుర్తుపట్టేవారు. పోయిన ఎండాకాలం చూడటానికి వెళ్లినప్పుడు, ఆయన చూపు లేకపోవడం నాకు ధైర్యమిచ్చిందని చెప్పడానికి సిగ్గుగా ఉంది. అప్పుడు అడిగాను.

"సార్, ఆ రోజు ఇంకోసారి చేద్దామన్నది నేనే. మీకు యాదికుందా?"

"యాదికున్నది."

"మరి ఎవరికీ ఎందుకు చెప్పలే?"

"నువ్వు అడిగినవ్, నేను ఒప్పుకున్న. పెద్దోణ్ని నేను. వద్దనే పని నాది." తర్వాత అన్నారు. "పిల్లలకు చెప్పేటప్పుడు ఒకటి చెయ్యమ్మా. జవాబు రాకుంటే, రాలేదని బోర్డు మీద రాయి. తుడిచెయ్యకు."

అది క్షమించడమో కాదో నాకు తెలియదు. అడిగే ధైర్యం మళ్లీ రాలేదు. ఆయనకు నేను రుణపడి ఉన్నది చదువు ఒక్కదానికే కాదని మాత్రం తెలుసు.

మంగళవారం నేను చేరేసరికి మూడు కావొస్తోంది. వాళ్ల ఆచారం ప్రకారం మనిషిని కూర్చోబెట్టి సమాధి చేస్తారు. బీదర్ వైపు నుంచి వచ్చిన తమ్ముడు గుంటలోకి దిగి ఆయన్ను కూర్చోబెట్టి, నుదుటి మీద విభూతి సరిచేశాడు. పైన నిలబడ్డవాళ్ల కాళ్ల కింది నుంచి ఎర్రమట్టి కొంచెం రాలి సారు భుజం మీద పడింది. ఇంకో నిమిషంలో గుంటంతా మట్టే పోస్తారని ఆ తమ్ముడికీ తెలుసు. అయినా తన తువ్వాలు కొసతో ఆ భుజాన్ని తుడిచాడు. మళ్లీ రాలింది. మళ్లీ తుడిచాడు. పారలు పట్టుకున్నవాళ్లు ఎండలో ఆగి నిలబడి ఉన్నారు.