సారు చదవని కాగితం

మా సివిక్స్ సారు పోయారని మొన్న పొద్దున ఆయన కోడలు ఫోన్ చేసింది. చిత్తూరులో మా వీధే, నాలుగిళ్ల అవతల. ఆ నాలుగిళ్లూ దాటడానికి నాకు కాళ్లు రాలేదు.

పదో తరగతి అయ్యాక కాలు విరిగి, పుత్తూరు కట్టుతో మంచాన పడ్డాను. ఆ తర్వాత కాలేజీకి పోనని మొండికేస్తే నాయన ఓపెన్ స్కూల్ ఇంటర్‌లో చేర్పించాడు. అప్పటికే రిటైరైన సారు నాకూ, ఐరాల నుంచి వచ్చే ఇంకో ఇద్దరికీ సివిక్స్, ఎకనామిక్స్ చెప్పేవారు. కూర్చోబెట్టి చెప్పింది తక్కువ. గిరాకీ, సరఫరా పాఠానికి మామిడి మండీకి తీసుకెళ్లి, కొనేవాళ్లు లేక తోతాపురి కాయలు రోడ్డు పక్కన పారబోస్తున్న రైతును ఎందుకని మా చేతే అడిగించారు. ఆ రైతు చెప్పింది ఏ పుస్తకంలోనూ లేదు.

"సదువు ఇంట్లో సదువుకోండి, తప్పులేదు. ఓటు మాత్రం లైన్లో నిలబడే వెయ్యాల," అనేవారు. పక్కన నిలబడిన మనిషి ఎవరో తెలియాలట.

ఇంకో పట్టుదల కూడా ఉండేది. ఏ కాగితమైనా పైకి చదివాకే సంతకం. పరీక్ష దరఖాస్తు మీద నేను గబగబా గీకేస్తే, మొదటి నుంచీ చదివించారు, నవ్వుతూనే.

పోయిన ఎన్నికలప్పుడు ఎండలు మండిపోతున్నాయి. సారుకు గుండె బాగాలేదు, చూపు ఆనడం లేదు. ఆయన పింఛను పనులు నేనే చూసేదాన్ని. చెబితే వినరని, ఎనభై అయిదు దాటినవాళ్లు ఇంట్లోనే ఓటేసేందుకు పెట్టుకునే దరఖాస్తును ఆ కాగితాల్లో కలిపి సంతకం పెట్టించాను. నేను చేసింది మోసమే. ఇంకో మాట దొరకడం లేదు.

పోలింగుకు ముందే ఎన్నికల సిబ్బంది పెట్టెతో ఇంటికొచ్చారు. ఇక బూత్‌లో వేయడం కుదరదని వాళ్లు చెబితే ఆయన నావైపు చూశారు. తిట్టి ఉంటే బాగుండేది. ఓటేసి, వాళ్లకు మజ్జిగ ఇప్పించి పంపాక మెల్లగా అన్నారు.

"నువ్వు ఇచ్చినావు గదా పాపా, అందుకే సదివించుకోలేదు."

క్షమించమని అడగాలనుకుంటూనే రోజులు గడిపేశాను. ఇప్పుడు అడగడానికి ఆయన లేరు.

ఆ ఎన్నికల్లో పోలింగు రోజు నేను ఓటేయడానికి వెళ్లేసరికి, బూత్ పెట్టిన బడికి ఎదురుగా టీకొట్టు పందిరి కింద, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉన్నారు సారు. కోడలు ఎంత బతిమాలినా లేవలేదు. నేను వెళ్లి లైన్లో నిలబడ్డాను. ఆయన కళ్లు చిట్లించి మమ్మల్నే చూస్తూ, లైను కదిలినప్పుడల్లా తన కుర్చీని కూడా జానెడు ముందుకు జరుపుకుంటున్నారు.