జీపులో వచ్చిన దెయ్యం

టీవీలో దెయ్యం సెల్‌ఫోన్‌లోంచి బయటికి రాగానే మా మనవరాలు తన ఫోన్‌ను దిండు కింద దాచేసింది. నాకు మా నాన్న గుర్తొచ్చాడు; ఆయన్ని బాపు అనేవాళ్ళం.

అవి ఎమర్జెన్సీ రోజులు. బోధన్ దగ్గర మా ఊళ్ళో ఆదివారం మధ్యాహ్నం పంచాయతీ రేడియోలో దెయ్యం నాటకం వస్తోంది. చెరుకు రైతులంతా అరుగు మీద చేరారు.

"దెయ్యం లేదు, గియ్యం లేదు" అంటూ బాపు మీసం దువ్వాడు.

రేడియోలో గజ్జెలు ఘల్లుమన్నాయి. సరిగ్గా అప్పుడే రోడ్డు మీద జీపు చప్పుడైంది. మగవాళ్ళంతా ఒక్క ఉదుటున చెరుకు తోటలోకి ఉరికారు. బాపు చెప్పులు కూడా వదిలేశాడు. అవి పట్టుకుని నేను ఇంటికి పరుగెత్తాను.

"అమ్మా, బాపు దెయ్యానికి భయపడి ఉరికిండే!"

అమ్మ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

"దెయ్యం పడితే మంత్రగాడు ఇడిపిస్తడు బిడ్డా. పిల్లలు కాకుండ ఆపరేషన్ చేసేటోళ్ల జీపు పడితే ఎవలు ఇడిపిస్తరు?"

తీరా ఆ జీపు చక్కెర ఫ్యాక్టరీది. బాపు నెల రోజులుగా ఎదురుచూస్తున్న చెరుకు కోత పర్మిట్లు తెచ్చిందట. అరుగు మీద రేడియో తప్ప ఎవరూ లేకపోయేసరికి పక్క ఊరికి వెళ్ళిపోయింది. చెరుకాకులు కోసిన గీతలతో సాయంత్రం బయటికొచ్చిన బాపు, ఆ సంగతి విని దెయ్యం పట్టినవాడిలా కూర్చున్నాడు.

ఇప్పుడు దిండు కింద ఫోన్ మోగుతోంది. మనవరాలు ముట్టనంటోంది.

"తియ్యి బిడ్డా," అన్నాను, "కోత పర్మిట్ వచ్చిందేమో!"