అయస్కాంతమ్మ సోమవారాలు

ఆ భవనంలో ఆమె అసలు పేరు జీతాల గుమాస్తాకి తప్ప ఎవరికీ గుర్తు లేదు. అందరికీ ఆమె అయస్కాంతమ్మే. సెల్లార్‌లో, కిటికీ లేని గదిలో, బీరువా అంత అయస్కాంతం పక్కన ఇరవై రెండేళ్లుగా కూర్చుంటోంది కాబట్టి ఎవరో కొంటె విద్యార్థి ఆ పేరు తగిలించాడు. వాడు చదువు ముగించుకుని వెళ్లిపోయాడు, పేరు మాత్రం ఇక్కడే ఉండిపోయింది. ఆమె కోప్పడలేదు. కోప్పడాలన్నా ఎదురుగా ఓ మనిషి ఉండాలి కదా.

ఆమె పని అర్థం కావటం పెద్ద కష్టమేమీ కాదు. జీవకణం చుట్టూ పల్చటి పొర ఒకటి ఉంటుంది. అది మరీ బిగుసుకుపోకూడదు, మరీ వదులైపోకూడదు. కంటితో చూస్తే తెలిసేది కాదు. అందుకని ఓ కొవ్వు అణువుకి చిన్న గుర్తు తగిలించి పొరలోకి పంపుతారు. దాన్ని స్పిన్ లేబుల్ అంటారు. ఆ లేబుల్ పొరలో తేలిగ్గా మెసిలితే, మిషను గీసే గీతలో ఈ కొసనా ఆ కొసనా ఉన్న రెండు శిఖరాలు దగ్గరికి జరుగుతాయి. పొర బిగుసుకుంటే దూరం జరుగుతాయి. ఆ దూరం కొలవటమే అయస్కాంతమ్మ ఉద్యోగం. కణాలు బతికున్నవి కాబట్టి లేబుల్‌ని అట్టేసేపు ఉండనివ్వవు, నెమ్మదిగా దాని జాడ చెరిపేస్తాయి. చేతులు చురుగ్గా ఆడాలి. ఆమె సన్నటి గాజు గొట్టంలోకి కణాలు ఎక్కించి, అడుగున మైనం అద్ది, అయస్కాంతం మధ్యకి దించేసరికి కొత్తవాళ్లు ఇంకా గ్లౌజులతో కుస్తీ పడుతుంటారు.

రోగుల కణాలు ఎలా ఉన్నాయో చెప్పాలంటే పక్కన పెట్టి పోల్చటానికి ఆరోగ్యవంతుల కణాలు కావాలి. వాటిని కంట్రోల్ అంటారు. మొదట్లో అందుకు ఆరుగురు రక్తం ఇచ్చేవారు. ఒకరికి బదిలీ అయింది, ఒకరికి పెళ్లయింది, ఇద్దరు రిటైరయ్యారు, ఒకాయన సూది చూడగానే కళ్లు తేలేశాడు. మిగిలింది ఈమె. ఒక్క మనిషిని పట్టుకుని ఆరోగ్యానికి కొలబద్ద చేయటం తప్పని అక్కడ ప్రతి ఒక్కరికీ తెలుసు. తెలిసి తెలిసీ పంతొమ్మిదేళ్లు అదే చేశారు, ఎందుకంటే ఆమె గీత ఏనాడూ అటూ ఇటూ కదల్లేదు. “మిషను పాడైపోవచ్చుగానీ అయస్కాంతమ్మ పాడవదయ్యా” అనేవాడు ల్యాబ్ పెద్దసారు. అది మెచ్చుకోలో వెక్కిరింతో తేల్చుకోకుండానే ఆమె ఆ మాటని ఇంటికి తీసుకెళ్లి దాచుకుంది.

రక్తం తీసేది సెల్లార్‌కి పై అంతస్తులో ఉన్న హెల్త్ రూములోని సిస్టర్. ప్రతి సోమవారం పొద్దున ఆమె చెయ్యి చాపించి, బొటనవేలితో నరం వెతికి, సూది తీశాక దూది పెట్టి రెండు నిమిషాలు అదిమి పట్టుకునేది. నిజానికి దూది ఎవరికి వాళ్లే పట్టుకోవాలి. అయస్కాంతమ్మ మొదటిసారే ఆ సంగతి తెలియనట్టు నటించింది, ఆ నటన పంతొమ్మిదేళ్లు నడిచింది. తల్లి పోయాక వారం మొత్తంలో ఆమెని ఇంకో మనిషి ముట్టుకునేది ఆ రెండు నిమిషాలే. తమ్ముడు ఆదివారం ఫోన్ చేసి “అంతా బాగేనా అక్కా?” అని అడిగి, జవాబు వచ్చేలోపే “సరే, ఉంటా మరి” అనేవాడు. నవ్వొస్తే నవ్వుకోండి, మర్నాటి ఆ రెండు నిమిషాలని తలుచుకునే ఆమె ఆదివారాన్ని ఎలాగో గట్టెక్కించేది.

ఈ ఏడాది ఓ పరిశోధక విద్యార్థిని షుగర్ జబ్బు ఉన్నవాళ్ల ఎర్రకణాల మీద పని మొదలుపెట్టింది. కాలు ఒకచోట నిలవని పిల్ల. నాలుగు నెలలు తిరిగేసరికి గీతలన్నీ చేత్తో పట్టుకుని సెల్లార్ మెట్లు దూకుతూ వచ్చింది.

“మేడమ్, చూశారా! రోగులకీ కంట్రోల్‌కీ ఎంత తేడా ఉందో! వారం వారం పెరుగుతోంది. పెద్దసారు పేపర్ రాసేయమన్నారు. శుక్రవారం పంపించేస్తున్నాం!”

ఆ పిల్ల వెళ్లాక అయస్కాంతమ్మ పాత గీతల మీద కొత్తవి పెట్టి, బల్లదీపం వెలుగులో చూసింది. రోగుల శిఖరాలు ఉన్నచోటే ఉన్నాయి. జరిగినవి తనవి.

రెండు రోజులు తిండీ తిప్పలూ మానేసి మిషను చుట్టూ తిరిగింది. వేడి కొలిచే తీగ మార్చింది. లేబుల్ కొత్త సీసా తెరిచింది. లేబుల్‌ని కరిగించే ఆల్కహాల్ ఎక్కువైనా పొర వదులవుతుందని చుక్కలు లెక్కపెట్టింది. అన్నిటినీ అనుమానించింది, తనని తప్ప.

బుధవారం పొద్దున ఇంట్లో టిఫిన్ తిని, అలవాటుగా మాత్ర నాలుక మీద వేసుకుంది. నీళ్ల గ్లాసు నోటిదాకా వచ్చి ఆగిపోయింది. వీధి చివరి డాక్టరు కొలెస్ట్రాల్ ఎక్కువగా ఉందని ఐదు నెలల కిందట రాసిచ్చిన మాత్ర అది. కణం పొరని బిగించి ఉంచేది కొలెస్ట్రాలే, అది తగ్గితే పొర వదులవుతుంది. ఈ ముక్క ఎంతమంది పిల్లలకి ఒప్పజెప్పిందో ఆమెకే లెక్క లేదు. తన దాకా వచ్చేసరికి తోచలేదు.

చెప్పకపోతే ఎవరికీ తెలియదు. చెబితే ఆ పిల్ల నాలుగు నెలల కష్టం బూడిదలో పోసినట్టే. ఈ సాకు బాగానే ఉందిగానీ, అసలు భయం అది కాదు. మందు మింగే మనిషి కంట్రోల్‌గా పనికిరాదు. సోమవారం పోతుంది. మాత్రే మానేస్తేనో అని కూడా అనుకుంది. నాలుగైదు నెలల్లో గీత మళ్లీ దారికొస్తుంది, గుండె సంగతి తర్వాత చూసుకోవచ్చు. అలా అనుకున్నందుకు తనమీద తనకే రోత పుట్టింది.

గురువారం పిల్లని పిలిచి కూర్చోబెట్టింది.

“పేపర్ ఆపమ్మా. ఆ తేడాలో కొంత జబ్బుది కాదు, నాది. ఐదు నెలలుగా కొలెస్ట్రాల్ మాత్ర వేసుకుంటున్నాను.”

పిల్ల మొహంలో రంగు మారింది. “ఐదు నెలలా? ముందే చెప్పొచ్చుగా మేడమ్!”

“తోచలేదమ్మా. అడిగినవాళ్లూ లేరు. ఏ మందులు వాడుతున్నారని అడిగే ఆ ఫారం నాచేత పంతొమ్మిదేళ్ల కిందట నింపించారు.”

పిల్ల ఏడ్చింది. తరవాత కళ్లు తుడుచుకుని పెద్దసారు దగ్గరికి పరిగెత్తింది. ఆయన పేపర్ ఆపేసి, ఎప్పుడో చేయాల్సిన పని ఇప్పుడు చేశాడు. ఎనిమిదిమంది కుర్రకారుని ఎంపిక చేసి, ఫారాలు నింపించి, కంట్రోల్ మారిందని అందరికీ రెండు వాక్యాల ఈమెయిల్ పంపాడు. అయస్కాంతమ్మ దాన్ని మూడుసార్లు చదివింది. అందులో ఆమె ప్రసక్తి లేదు.

సోమవారం రక్తం గొట్టాలు తెచ్చుకోవటానికి ఆమే పైకి వెళ్లింది. హెల్త్ రూము ముందు ఎనిమిదిమందీ వరసలో నిలబడి ఒకరినొకరు ఆటపట్టించుకుంటున్నారు.

“అమ్మా, లిస్టులో మీరు లేరేంటి?” అంది సిస్టర్, చేతిలో పని ఆపకుండానే.

“నా రక్తం ఇంక పనికిరాదు సిస్టర్. మందులు వాడుతున్నాను.”

“అయ్యో, అలాగా! పోనీలెండి, మీకూ ఈ సూదిపోట్ల బాధ తప్పింది.”

అయస్కాంతమ్మ ఒక అడుగు దగ్గరికి వేసింది. ఇన్నేళ్లలో ఎవరినీ ఏదీ అడిగి ఎరగదు.

“రక్తం వద్దుగానీ సిస్టర్, కాసేపు నా చెయ్యి పట్టుకుంటావా?”

సిస్టర్ ఫక్కున నవ్వింది. “మీరు జోకులు కూడా వేస్తారని ఇన్నాళ్లూ తెలీదమ్మా!” అని, “తర్వాతెవరు, రండి” అంటూ వరస వైపు తిరిగింది.

అయస్కాంతమ్మ కూడా నవ్వింది. గోడవార నిలబడి ఎనిమిదిమందిదీ అయ్యేదాకా ఆగింది. అప్పుడే తీసిన రక్తం, గొట్టాలు గోరువెచ్చగా ఉన్నాయి. వెంటనే ఐసు డబ్బాలో సర్దాలని రూలు, ఆ రూలు రాసింది కూడా ఆమే. ఖాళీ డబ్బాని చంకలో ఇరికించుకుని, ఎనిమిదింటినీ రెండు చేతుల్లో పొదివి పట్టుకుని, ఒక్కో మెట్టే దిగింది.