కుందేలు చెవుల టోపీ

ముందే చెప్పేస్తున్నాను, నేను చెప్పేదాంట్లో ముప్పాతిక వంతు గాలి. నాలుగు చినుకులు పడితే తుఫానంటాను, రెండు గారెలు తింటే పెళ్లి భోజనమంటాను. మా ఆవిడ నా మాటని సగానికి కోసి, ఆ సగాన్ని మళ్లీ సగం చేసి నమ్ముతుంది. మీరూ కత్తెర దగ్గర పెట్టుకోండి. ఈ ఉదయం మా అక్క ఫోన్ చేసి, "ఒరే, క్రిస్మస్ సెలవులొచ్చెస్తన్నాయి. ఈ ఏడూ తాత వేషం నీదే. బేగి వచ్చి ఆ గెడ్డం సూసుకో, ఎలకలు కొట్టీసినట్టున్నాయి" అంది. సరేనన్నాను. ఫోన్ పెట్టేశాక వెళ్లి బీరువా తెరిచి, అడుగు అర చూసి మళ్లీ మూసేశాను.

నర్సీపట్నంలో మా అక్క నడిపే నర్సరీ బడి అంటే రెండు గదులు, ఇరవై మంది పిల్లలు, రెండు వందల మంది పెట్టగలిగే గోల. క్రిస్మస్ సెలవులకు ముందు వారం పాఠాలు కట్టిపెట్టి "ఇచ్చే వారం" జరపడం అక్క పెట్టిన ఆచారం. పిల్లల్లో ఒక్కొక్కరూ డబ్బాలోంచి చీటీ తీసి, ఎవరి పేరొస్తే వాళ్లకి తన వస్తువొకటి ఇవ్వాలి. కొన్నది పనికిరాదు, విరిగింది పనికిరాదు. ఏది లేకపోతే తనకి బెంగ పుడుతుందో అదే తేవాలి. ఒక ఏడు ఒకడు తన తమ్ముణ్ణి చెయ్యి పట్టుకుని లాక్కొచ్చి, "వీడు నేకపోతే నాకు బెంగొచ్చెస్తాది టీచర్, ఉంచీసుకోండి" అన్నాడు. తమ్ముడు కూడా బ్యాగు సర్దుకునే వచ్చాడు. నేను ఎర్ర కోటు తొడుక్కుని, పొట్టకి నాలుగు తలగడలు కట్టుకుని, ఏనుగుపిల్ల పట్టేంత సంచిలోంచి ఆ వస్తువులు పంచేవాణ్ణి.

ఆ ఏడే పాస్టరుగారి మనవరాలు, అయిదేళ్లది, చీటీ తీస్తే బడి మానేసిన తన స్నేహితురాలి పేరొచ్చింది. ఆ పిల్ల వాళ్లమ్మ నర్సు. నెల కిందటే కొయ్యూరు వైపు బదిలీ అయి, పిల్లని తీసుకుని కొండెక్కిపోయింది. డబ్బాలోంచి ఆ పేరు తియ్యడం అక్క మరిచిపోయింది. ఇంకో చీటీ తియ్యమంటే మనవరాలు వినలేదు. తలమీది కుందేలు చెవుల ఊలు టోపీ లాగి నా చేతిలో పెట్టింది. "అక్కడ సలెక్కువంట. దానికి టోపీ లేదు. నీకు బండుంది కదా తాతా, అట్టుకెళ్లి ఇచ్చీ." రేపే ఇస్తానన్నాను.

మర్నాడు బండి తీశాను. పొగమంచు ఎంత దట్టమంటే, చేత్తో పక్కకి తోసుకుంటూ నడపాల్సొచ్చింది. ఎదురొచ్చిన గేదె కూడా హారన్ కొట్టమన్నట్టు చూసింది. నర్సు క్వార్టర్స్ ముందు ఆగగానే ఆ పిల్ల పరుగెత్తుకొచ్చి, టోపీ పెట్టుకుని, ఆ చెవులు రెండూ పట్టుకుని అంది కదా, "ఇప్పుడు నాకు నాలుగు సెవులు. అది ఆడనించి పిల్సినా ఇనబడిపోద్ది."

సెలవుల తర్వాత బడి గేటు దగ్గర మనవరాలు నన్ను పట్టుకుంది. "ఇచ్చీసేవా తాతా? ఏటన్నాదది?" చెప్పాను. మళ్లీ చెప్పమంది. ఆ వారమంతా చెప్పించుకుంది. ఒకరోజు ఇంటర్వెల్లో చూస్తే, ఉత్త తలతో, చలికి ముక్కు కారుతూ, వెనక గోడ దగ్గర కొండలవైపు తిరిగి నిలబడి స్నేహితురాలి పేరు పెట్టి కేక వేస్తోంది. కేక వేసి ఆగేది. మళ్లీ వేసేది. నన్ను చూసి గొంతు తగ్గించి అడిగింది, "ఇంటందా తాతా?"

"ఇంటంది" అన్నాను.

ఇక లెక్క సరిచేస్తాను. తలగడలు నాలుగు కాదు, ఒకటి. మిగతాది నా సొంత పొట్టే. తమ్ముణ్ణి తెచ్చినవాడు నిజం, గోడ దగ్గర కేకలు నిజం. నేను కొయ్యూరు వెళ్లడం మాత్రం కట్టుకథ. దారి మధ్యలో ఉన్న గొలుగొండ దాకా వెళ్లాను. టీ కొట్టు దగ్గర నలుగురు దొరికితే తాత వేషం కబుర్లు మొదలుపెట్టాను, వాళ్లు నవ్వారు, ఇంకా పెంచాను, పొద్దెక్కిపోయింది. రేపు వెళ్దాంలే అని బండి వెనక్కి తిప్పాను. ఆ రేపు నెల దాటింది. చివరికి కబురు కనుక్కుంటే, నర్సుగారు సెలవుపెట్టి పిల్లతో ఎటో వెళ్లిపోయారన్నారు. ఎటో ఎవరికీ తెలియదు. ఆ నాలుగు చెవుల మాట నేనే అల్లాను. అంత మంచి మాట మళ్లీ ఎప్పుడూ అల్లలేదు. మా అక్కకి ఈ సంగతి ఇప్పటికీ తెలియదు. మనవరాలు ఇప్పుడు హైస్కూలు. సెంటర్లో కనిపిస్తే "బాగున్నారాండీ" అని నవ్వుతుంది, ఇంకేమీ అడగదు. టోపీ మా బీరువా అడుగున ఉంది. ఆ ఇద్దరి తలలూ ఈపాటికి దానిలో పట్టవు. ఏళ్లన్నీ వచ్చి వెళ్లిపోతున్నాయి, నేను ఆ మనవరాలికి చెప్పిన రేపు మాత్రం ఇంకా రాలేదు.