సన్నసారు మీసాలు

ఆ రోజుల్లో, అంటే ఎనభైల మధ్యలో, సైన్సులో డిగ్రీ తెచ్చుకున్న మనిషికి ప్రపంచంలో తెలియనిదంటూ ఏదీ ఉండేది కాదు. కనీసం నాకు ఉండేది కాదు. ఇరవై రెండేళ్ళ వయసు, కొత్త చెప్పులు, పెట్టెలో జువాలజీ పట్టా, బోధన్‌లో ఒక ప్రైవేటు హైస్కూల్లో టెంపరరీ సైన్సు టీచరు ఉద్యోగం. రోజూ పొద్దున్నే నిజామాబాద్‌లో బస్సెక్కేదాన్ని. చెరుకు బండ్ల వెనకాల ఆ బస్సు నత్తనడక నడిచి బోధన్ చేరేసరికి నా చీరకు కూడా బెల్లప్పాకం వాసన అంటుకునేది. ఆ ప్రయాణంలో పక్కసీటు వాళ్ళకు మలేరియా ఎలా వస్తుందో, బల్లి తోక ఎలా తిరిగి మొలుస్తుందో అడగకుండానే చెప్పేదాన్ని. (పాపం, వాళ్ళు కిటికీ వైపు తిరిగి కళ్ళు మూసుకునేవారు. నిజంగానే నిద్ర వచ్చిందనుకునేదాన్ని.) మా బాపు మెథడిస్టు చర్చిలో గంట కొట్టేవాడు. "బిడ్డా, గంటకైతె ఒక టైముంటది, నీ నోటికే లేదు" అనేవాడు. అది మెచ్చుకోలే అనుకున్నాను.

మా బడిలో సైన్సు గది అని ఒకటుండేది. రెండు బీరువాలు, పగిలిన పరీక్షనాళికలు, ఒక మూలన ఇనుప స్టాండుకు వేలాడుతూ ఒక అస్థిపంజరం. ప్లాస్టిక్‌ది కాదు, నిజమైన మనిషిదే. అప్పట్లో చాలా బళ్ళలో అవే ఉండేవి. ఎక్కడో దూరపు నగరం నుంచి, చెక్కపెట్టెలో గడ్డి పరిచి, గాజు సీసాలతో పాటు పార్సిల్లో వచ్చేవి. ఇది ఎవరిది, ఎలా దొరికింది, ఆ మనిషి సరేనన్నాడా అని అడిగినవాళ్ళు లేరు, అడగాలని తోచిన వాళ్ళూ లేరు. మా హెడ్మాస్టరు కాస్త భారీ మనిషి కాబట్టి పిల్లలు ఆయన్ను చాటుగా దొడ్డుసారు అనేవారు. దానికి జోడీగా అస్థిపంజరానికి సన్నసారు అని పేరు పెట్టారు. సన్నసారు ఎవరినీ కొట్టడు, హోమ్‌వర్కు అడగడు కాబట్టి ఇద్దరిలోనూ ఆయనే పిల్లలకు ఇష్టం.

ఆ ఏడాది చెరుకు సీజను జోరుగా ఉన్నప్పుడు మా బడిలో మూడు రోజుల సైన్సు ఎగ్జిబిషన్ పెట్టారు. టీచరుకొక స్టాలు. ఊరి జనమంతా వచ్చి చూడొచ్చు. దొడ్డుసారు నన్ను పిలిచి మెల్లగా చెప్పాడు. "సూడు బిడ్డా, ఆఖరి రోజు నిజామాబాద్ నుంచి పెద్దాఫీసరు వస్తుండు. నీ స్టాలుకు ప్రైజొచ్చిందనుకో, నిన్ను పర్మినెంటు చెయ్యుమని కమిటీకి నేనే రాస్త. రాకపోతె మాత్రం నన్ను అడగొద్దు." నాకు అప్పటికే సన్నసారు గుర్తొచ్చాడు. మనిషి లోపలి మనిషిని చూపిస్తే ఎవరు రారు?

ఎవరూ రాలేదు. ఎందుకంటే నా పక్క స్టాల్లో డ్రాయింగు సారు పోచంపాడు డ్యామ్ కట్టాడు. సిమెంటు గోడ, నీలం రంగు, దారం లాగితే లేచే గేట్లు, అందులోంచి నిజం నీళ్ళు. జనం విరగబడ్డారు. నీళ్ళు పారి నా స్టాల్లోకి కూడా వచ్చాయి కానీ జనం మాత్రం రాలేదు. మొదటి రోజు నా దగ్గరికి ఇద్దరే వచ్చారు. ఒకాయన మంచినీళ్ళ కుండ ఎక్కడని అడిగాడు, ఇంకొకాయన ఇది రాత్రిపూట లేచి తిరుగుతుందా అని అడిగాడు. సాయంత్రం డ్రాయింగు సారు చేతులు తుడుచుకుంటూ నా దగ్గరికి వచ్చి, "ఏం చెల్లె, నీ సారు మాట్లాడ్తలేడా?" అన్నాడు. ఆ మాట నా గుండెకు తగిలింది.

రెండో రోజు సన్నసారు మాట్లాడాడు. అంటే, ఆయన తరఫున నేను మాట్లాడాను. తలకు ఎర్ర రుమాలు చుట్టాను. నల్లకాగితంతో మెలితిరిగిన మీసాలు కత్తిరించి అతికించాను. పళ్ళ సందున ఒక బీడీ, చేతి ఎముకల మధ్య ఒక చెరుకు గడ. దొడ్డుసారు చూసి పొట్ట పట్టుకుని నవ్వాడు. ఇక పేరు కావాలి. మా వైపు ఇంటికో పోశెట్టి ఉంటాడు. బస్టాండులో నిలబడి పోశెట్టీ అని కేకేస్తే నలుగురు తిరిగి చూస్తారు, ఐదోవాడు నడుస్తున్న బస్సులోంచి దిగుతాడు. అందుకని పోశెట్టి అన్నాను. ఊరు కావాలి. అప్పుడే గేటు ముందు నుంచి చందూరు బోర్డుతో బస్సు పోయింది. అందుకని చందూరు అన్నాను.

"రండ్రి అక్కా, రండ్రి అన్నా! గీయన మన చందూరు పోశెట్టి! నాందేడ్ దిక్కు చెరుకు కొట్టవోయి జ్వరమొచ్చి పోయిండు. పోయేటప్పుడు 'నా బొక్కలు పిలగాండ్ల సదువుకు ఇయ్యుండ్రి' అని చెప్పి పోయిండు!"

(బొక్కలంటే మా వైపు ఎముకలు.) జనం కదిలారు. మధ్యాహ్నానికి పోశెట్టికి రెండు ఎకరాలు, ఒక జత ఎడ్లు వచ్చాయి. సాయంత్రానికి ఆయన ఎవరో చిన్నపిల్లను నీళ్ళలోంచి కాపాడాడు కూడా. ఆడవాళ్ళు కొంగుతో కళ్ళొత్తుకున్నారు. బీడీలు చుట్టే అక్కలు నలుగురు ఆయన నోట్లోది తమ కార్ఖానా బీడీయేనని గొప్పగా చెప్పుకున్నారు. డ్యామ్ దగ్గర నీళ్ళు ఊరికే పారుతున్నాయి, చూసే నాథుడు లేడు. (అబద్ధమాడుతున్నానన్న ఇది నాకేమీ కలగలేదు. విజ్ఞానం వ్యాప్తి చేస్తున్నాననుకున్నాను.)

మూడో రోజు ఆఫీసరు వచ్చేది మధ్యాహ్నం. నేను ఆయన చేతి మీదుగా బహుమతి తీసుకోవడానికి మొదటి జీతంతో కొన్న చిలకాకుపచ్చ చీర సంచిలో తెచ్చుకున్నాను. పదకొండు గంటలప్పుడు గుంపును తోసుకుంటూ ఒక అవ్వ వచ్చింది. పొట్టి మనిషి, నుదుటిన రూపాయి కాసంత బొట్టు, మెడలో పుస్తెలు, చంకలో బట్టల మూట. వచ్చి సన్నసారు ముందు నిలబడి పైనుంచి కిందికి చూసింది.

"గీనె పోశెట్టా?"

"అవునవ్వా. చందూరు పోశెట్టి" అన్నాను హుషారుగా.

"మాది చందూరే బిడ్డా. మా ఆయన పోశెట్టే. పన్నెండేండ్లాయె నాందేడ్ దిక్కు చెరుకు కొట్టవోత అని పోయి. మల్ల రాలె. నిన్న మా ఊరాయన బోధన్లకెల్లి వచ్చి చెప్పిండు, నీ మొగణ్ణి బళ్ళె నిలవెట్టిండ్రు, పోయి సూసుకో పో అని."

గుంపులో ఆడవాళ్ళు అప్పుడే కొంగులు తీశారు. అవ్వ మాత్రం ఏడవలేదు. మూట కింద పెట్టి నడుము మీద చేతులు వేసుకుంది.

"సూడు బిడ్డా, నాకు రెండే పనులు మిగిలినయి. ఆడు బతికుంటె తన్నాలె. సచ్చిపోతె ఏడ్వాలె. పన్నెండేండ్లసంది రెండిట్ల ఏదీ చెయ్యక పరేషాన్ల ఉన్న. గీ బొట్టు ఉంచుకోవాల్నా, తుడుసుకోవాల్నా? సదువుకున్నదానివి, నువ్వే చెప్పు."

అప్పుడే నిజం చెప్పి ఉండాల్సింది. కానీ చుట్టూ యాభై మంది, గుమ్మంలో దొడ్డుసారు, పక్కన చెవులు రిక్కించిన డ్రాయింగు సారు. "అవ్వా, పోశెట్లు చానమంది ఉంటరు గద" అని నసిగాను.

"ఉంటరు. చందూరుల చెరుకు కొట్టవోయి రాని పోశెట్టి మాత్రం ఒక్కడే. ఆనికి ఎడమకాలు బండి కింద పడి ఇరిగింది, మోకాలు కింద గడ్డ కట్టింది. ముట్టుకుని సూడనా?"

'ముట్టరాదు' అని నేనే రంగుల అక్షరాలతో రాసిపెట్టిన అట్ట మా ఇద్దరి మధ్యే ఉంది. దాన్ని నేనే తీసి పక్కన పెట్టాను. అవ్వ వంగి ఎడమకాలి ఎముకను మోకాలి నుంచి మడమ దాకా తడిమింది. సాఫుగా ఉంది. కుడికాలు కూడా తడిమింది, తనదే మతిమరుపేమోనని. అదీ సాఫే. చేతులు అలాగే పైకి పోయి నడుము దగ్గర ఆగాయి. ఆగి, ఒక అరచేయి నడుము ఎముకల మధ్యకు పోనిచ్చి, లోపల పిడికిలి బిగించి ఇటూ అటూ తిప్పింది. తర్వాత నావైపు తిరిగింది.

"బిడ్డా, నీకు లగ్గమైందా?"

"కాలేదవ్వా."

"గందుకే తెల్వలె. ఇది ఆడిమనిషి."

యాభై మందీ ఒక్కసారి సన్నసారు మీసాలకేసి చూశారు.

"నేను మంత్రసానిని. చందూరుల సగం ఊరిని గీ చేతులే బయటికి పట్టినయి. మొగోని నడుము గింత ఇరుకుంటది. గీమెది సూడు, నా పిడికిలి తిరుగుతుంది. పిల్లలను కనే నడుము గిది."

గుంపు నవ్విన నవ్వుకు పైన రేకులు అదిరాయి. అందరికంటే గట్టిగా డ్రాయింగు సారు నవ్వాడు, నవ్వి నవ్వి తన డ్యామ్ మీదే కూలబడ్డాడు, రెండు గేట్లు విరిగాయి. నాకు మాత్రం డిగ్రీ రెండో ఏడు పరీక్ష కళ్ళముందు తిరిగింది. స్త్రీ పురుషుల కటి ఎముకల్లో భేదాలు, పటం సహాయంతో వివరించుము. వివరించాను. పటం కూడా గీశాను. మంచి మార్కులే వచ్చాయి. ఆ పటంలో ఉన్నది ఏడాదిగా నా గదిలో వేలాడుతూ ఉంటే ఒక్కసారి కూడా తేరిపార చూడలేదు.

అవ్వ నవ్వలేదు. ముందు నోట్లో బీడీ తీసింది. తర్వాత గోటితో మీసాలు ఒలిచింది, రుమాలు విప్పింది.

"ఎవలి బిడ్డనో. మూడ్రోజులసంది మొగోళ్ళ నడుమ ఒంటి మీద బట్ట లేకుంట నిలవెట్టి నోట్ల బీడీ వెట్టిండ్రు. మీ ఇంట్ల మనిషైతె పెడ్తురా?"

"అవ్వా, సచ్చిపోయినోళ్ళకు..." అని ఏదో అనబోయాను.

"సచ్చినోళ్ళకు సిగ్గుండది బిడ్డా. మనకుండాలె గద" అంది. కోపంగా కూడా అనలేదు, పిల్లకు చీమిడి తుడిచినట్టు అంది. "గీమెకు తల్లిగారి చీర వచ్చిందా?"

తల్లిగారి చీర అంటే మా వైపు తెలియనివారు ఉండరు. ఆడమనిషి పోతే పుట్టింటివాళ్ళు కొత్త చీర తెచ్చి కప్పాలి. ఎంత పేదవాళ్ళయినా, ఎన్ని కొట్లాటలున్నా ఆ చీర వస్తుంది. మేము చర్చికి పోయేవాళ్ళమైనా మా అమ్మ పోయినప్పుడు మేనమామ ఇందల్వాయి నుంచి చీర పట్టుకునే వచ్చాడు, అది కప్పేదాకా పెట్టె మూయలేదు. పార్సిల్లో గడ్డి మధ్య వచ్చిన ఈమెకు ఎవరు తెచ్చి ఉంటారు?

నా చేయి సంచి వైపు పోయింది. (నిజం చెప్పాలంటే ముందు అందులో ఉన్న తువ్వాల మీదికి పోయింది. చిలకాకుపచ్చ చీర మరి, మొదటి జీతం!) అవ్వ నా చేతినే చూస్తోంది. చీర తీశాను. ఇద్దరం కలిసి ఆమె భుజాల మీదుగా కప్పాం. "తల్లిగారోళ్ళు ఎవలని అడిగితె?" అంది అవ్వ. "నేనే అని చెప్పవ్వా" అన్నాను. ఎందుకో అప్పుడు నాకు ఏడుపొచ్చింది, ఏడ్చాను కూడా.

సరిగ్గా ఆ సమయానికే, గంట ముందే దిగిన ఆఫీసరును గేటు నుంచి వెంటబెట్టుకుని దొడ్డుసారు వచ్చాడు. చూస్తే ఏముంది, విరిగిన డ్యామ్, పచ్చ చీరలో అస్థిపంజరం, ముక్కు చీదుతున్న టీచరు. "ఏమిటిది?" అన్నాడు ఆఫీసరు. దొడ్డుసారు "సార్, గిది... మహిళా ఆరోగ్యం" అన్నాడు. నేను ముక్కు తుడుచుకుని ఉన్నదంతా చెప్పేశాను. పోశెట్టి లేడని, ఎకరాలూ ఎడ్లూ నేనే ఇచ్చానని, ఈమె పేరు ఎవరికీ తెలియదని. ఆడమనిషని కనిపెట్టింది ఈ అవ్వ అని. ఆఫీసరు అవ్వ చెప్పిందంతా శ్రద్ధగా విని, నావైపు తిరిగి "మీ డిగ్రీలో ఇది లేదా అమ్మా?" అని అడిగాడు. "ఉంది సార్" అన్నాను.

ప్రైజు గేట్లు విరిగిన పోచంపాడుకే వచ్చింది. నా పర్మినెంటు ఇంకో ఏడాది వెనక్కి పోయింది. ఆమెను పాతిపెడదామని నేనంటే దొడ్డుసారు కుర్చీలోంచి లేచాడు. "స్టాకు రిజిస్టరుల ఉన్న మనిషి ఆమె! పాతిపెడ్తె ఎదురుంగ ఏం రాయాలె? లగ్గమై పోయింది అని రాయాల్నా?" కాబట్టి సైన్సు గది మూలనే, తెర వేసి, చీరతోనే ఉంచాం.

సాయంత్రం అవ్వను బస్సెక్కించడానికి బస్టాండుకు పోయాను. "అవ్వా, అంతమందిల నేను చెప్పిన మాట నువ్వు మంచిగ ఇన్నవో లేదో. ఆ కథంత నేను అల్లిందే. నిన్ను ఊరికే తిప్పలవెట్టిన" అన్నాను చేతులు పట్టుకుని. అవ్వ బస్సు అద్దంలో చూసుకుని బొట్టు సరిచేసుకుంది.

"ఇన్న. తప్పు జేసినవ్ గని, మంచి ముచ్చటే తెలిసింది. అయితె ఇగ తన్నుడే మిగిలింది" అని నవ్వుతూ బస్సెక్కింది.

ఈ మధ్య పెద్ద పెద్ద నగరాల్లో నిజం మనుషుల శరీరాలకు చర్మం ఒలిచి, మందులు పట్టించి, బంతి ఆడుతున్నట్టు నిలబెట్టి టిక్కెట్టు పెడుతున్నారట. చూడొద్దని నేననను. చూడకుండా డిగ్రీ తెచ్చుకుంటే ఏమవుతుందో నాకు తెలుసు. కానీ ఆ వార్త చదివినప్పుడల్లా, ఆ గుమ్మంలో మూట పట్టుకుని ఎవరైనా వచ్చి నిలబడితే ఏం చెబుతారా అనుకుంటాను.

ఉద్యోగమున్నన్నాళ్ళూ ఏటా ఎనిమిదో తరగతి పిల్లలకు ఆ తెర తీసి చూపించాను. ఈమె ఆడమనిషి, ఇంతకుమించి మనకు తెలియదు, ఇక్కడ నిలబడతానని ఈమె ఎవరికీ మాటివ్వలేదు, కాబట్టి నవ్వకుండా నేర్చుకోండి అని చెప్పేదాన్ని. ప్రతి ఏడూ ఎవరో ఒకరు లేచి, "టీచర్, గీమెకు పేరు పెడుదమా?" అనేవారు. వద్దమ్మా, ఒకసారి పెట్టాను, ఒకావిడ తాను ముత్తయిదువో కాదో అడగడానికి బస్సెక్కి వచ్చింది అనేదాన్ని. పిల్లలకు అందులో ఏం అర్థమయ్యేదో, ఘొల్లున నవ్వేవారు. వాళ్ళతో పాటు నేనూ నవ్వేదాన్ని, రంగుల అట్ట రాసుకుని మీసాలు కత్తిరించుకున్న ఆ అన్నీ తెలిసిన పిల్లను తలుచుకుని.