మగ్గం నంబరు

బట్టలో లోపం వెతకడమే నా ఉద్యోగం. సూరత్‌లో, పాండేసరా వైపు ఒక కార్ఖానాలో, మగ్గం మీంచి దిగిన బట్టను బల్ల మీద పరిచి చూసేదాన్ని. రంధ్రం కనిపిస్తే సుద్దతో గుండ్రంగా గీత గీసి, పక్కన మగ్గం నంబరు రాయాలి. ఆ నంబరు ఎవరిదైతే తప్పు వాళ్లది. బట్ట 'సెకండ్ మాల్' కిందకు, అంటే రెండో రకం సరుకులోకి పోతుంది. పదేళ్లు ఆ పని చేసినందుకు, మా వడోద్ గల్లీలో నన్ను మించిన చదువరి లేదనుకునేదాన్ని. ఇంగ్లీషు కూడబలుక్కుని చదవగలను, హిందీ, గుజరాతీ గడగడా మాట్లాడగలను. ఆ గడగడే కొంప ముంచింది. నాది కాదు, మా మరదలిది.

కరోనా మొదటి ఏడు. తమ్ముడు లాక్‌డౌన్‌కు ముందు కరీంనగర్ వైపు మా ఊరికి పోయి అక్కడే చిక్కుకున్నాడు. ఇక్కడ నేను, మరదలు, ఆమె నాలుగు నెలల ఆడపిల్ల. టీకా వేయించబోతే అక్కడి డాక్టరమ్మ, పిల్ల గుండె చప్పుడులో ఏదో తేడా ఉందని పెద్దాసుపత్రికి రాసింది.

ఆసుపత్రి గేటు దగ్గర బిడ్డతో ఒక్కరినే లోపలికి పోనిస్తామన్నారు. తల్లి పోవాలి, ఎవరైనా అదే అంటారు. నేను మాత్రం ఆమెకు హిందీ రాదు కదా, డాక్టర్ చెప్పేది ఏం తెలుస్తుందని బిడ్డను ఆమె చేతుల్లోంచి తీసుకున్నాను. ఆమె పోయి గోడ పక్కన ఎండలో నిలబడింది.

లోపల డాక్టర్ మాస్కు మీద ప్లాస్టిక్ అద్దం పెట్టుకుని, దూరంగా నిలబడి మాట్లాడాడు. గుండె పై గదుల మధ్య ఉండే పర్దాలో రంధ్రం ఉందని, పుట్టుకతో వచ్చిందని హిందీలో అన్నాడు. తర్వాత ఇంకా చాలా చెప్పాడు. సగం వినపడలేదు. వినపడలేదంటే నా సొమ్మేం పోయేది? తల ఊపాను. అర్థమైందా అంటే అర్థమైందన్నాను. ఆరు నెలల తర్వాత మళ్లీ తీసుకురమ్మని కాగితం చేతిలో పెట్టాడు. దాని మీద ఇంగ్లీషులో పొడుగు పేరు. 'సెప్టల్' అన్న మాట నాకు తెలియదు. 'డిఫెక్ట్' తెలుసు, రోజూ రాసేదే. దాని పక్కన 'సెకండమ్' అని ఉంది. సెకండ్ అన్నమాట. చివర ఏదో 'మ్' తగిలింది, డాక్టర్లు అలాగే రాస్తారులే అనుకున్నాను.

బయటికి రాగానే మరదలు ఏమన్నారని అడిగింది. నేను బల్ల దగ్గర నిలబడ్డట్టే నిలబడి చెప్పాను.

"గుండె పర్దల పొక్క ఉన్నది పిల్లా. డిఫెక్ట్ అంట. సెకండ్ అని రాసిన్రు."

ఆమె కాగితం వైపు చూస్తూ ఉండిపోయింది. చదవడం రాదు, అయినా చూసింది. ఎట్లా వచ్చిందని అడిగింది. పుట్టుకతో వచ్చిందని చెప్పి ఊరుకుంటే సరిపోయేది. ఊరుకుంటే నేను నేనెందుకవుతాను! ఆమెకు బాగా తెలియాలని, నా తెలివి కూడా కనబడాలని, ఇది తర్వాత చిరిగింది కాదు, మగ్గం మీదే పడ్డదని చెప్పాను. ఆమె మొగుడు మగ్గం నడుపుతాడు. మగ్గం నంబరు అంటే ఏమిటో ఆమెకు ఒకరు చెప్పాలా?

ఆ రోజు నుంచి ఆమె మాట తగ్గింది. గల్లీలో ఎవరైనా బిడ్డను ఎత్తుకోబోతే లోపలికి తీసుకుపోయేది. ఇంట్లో కూర్చుని చీరలకు చమ్కీలు అతికించే పని మానేసింది. నేను కరోనా భయమనుకున్నాను. అనుకున్నానని చెప్పుకుంటున్నాను గానీ, లోపల తెలుసు. అడిగితే నేనన్న మాట బయటికొస్తుందని అడగలేదు. ఆరు నెలలయ్యాక ఆసుపత్రికి పోదామంటే, "సెకండ్ మాల్‌ను ఎవలు బాగు చేస్తరు వదినె?" అంది. నేను రెట్టించలేదు. ఛీ, ఎంత తేలిగ్గా ఊరుకున్నానో.

తమ్ముడు తిరిగొచ్చి, రెండోసారి కరోనా తగ్గాక, కోప్పడి మమ్మల్ని పంపాడు. ఈసారి ఇద్దరినీ లోపలికి రానిచ్చారు. వేరే డాక్టర్, చిన్న వయసు అమ్మాయి. పరీక్ష చేసి, రంధ్రం బాగా చిన్నదైందని, దానంతటదే మూసుకుపోవచ్చని, ఏటా చూపిస్తే చాలని చెప్పింది. నేను పాత కాగితం తీసి, సెకండ్ అంటే రెండో రకమా అని మెల్లగా అడిగాను. ఆమె నవ్వలేదు. నవ్వి ఉంటే ఇంత సిగ్గేసేది కాదు. కడుపులో గుండె తయారయ్యేటప్పుడు పర్దాకు మొదట ఒక ద్వారం ఉంటుందట. అది మూసుకుపోయే లోపల రెండోది తెరుచుకుంటుందట. కాగితం మీది పేరు ఆ రెండో ద్వారం నుంచి వచ్చిందే. అది లేకపోతే కడుపులో ఏ బిడ్డా బతకదు. పుట్టాక అక్కడ దారి మూసుకోవాలి, ఈ పిల్లకు కొంచెం మిగిలింది. మంచి రకం, చెడ్డ రకం అన్న అర్థమే లేదు దానికి.

మొదటి రోజు నోరు తెరిచి ఒక్క మాట అడిగి ఉంటే సరిపోయేది. తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

అప్పుడు మరదలు నా చెయ్యి పట్టుకుంది.

"వదినె, జర గీ మాట అడుగు. కడుపుతోని ఉన్నప్పుడు దినమంత వంగి కూసొని చమ్కీలు అంటించిన. గందుకే పడ్డదా? మిషిని నంబర్ నాదేనా?"

ఏడాదికి పైగా ఆ ప్రశ్న మోసింది. దాన్ని హిందీలో చెప్పాల్సింది నేను. నంబరు దగ్గరికి వచ్చేసరికి ఆ ముక్క మింగేసి, తల్లి చేసిన పని వల్ల వచ్చిందా అని మాత్రం అడిగాను. కూర్చుని పని చేస్తే ఇది రాదు, ఆమె తప్పేమీ లేదు అంది డాక్టర్.

నేను తెలుగులో చెప్పాను. మరదలు నా ముఖంలోకే చూస్తూ, "మల్ల చెప్పు" అంది. మళ్లీ చెప్పాను. ఇంకోసారి చెప్పమంది. మూడోసారి చెప్పేటప్పటికి ఆమె ఏడుస్తోంది, పిల్ల ఆమె ముక్కుపుడక పట్టుకుని లాగుతోంది. మూడుసార్లూ "డాక్టరమ్మ చెప్తున్నది" అనే మొదలుపెట్టాను. ఆ నంబరు రాసింది నేనేనని ఈ రోజుకూ ఆమెతో అనలేదు.