నొప్పి ఆగిన పన్ను

పంటినొప్పి తగ్గిపోయిందని డాక్టరు దగ్గరికి పరుగెత్తిన మనిషి రాజమండ్రి మొత్తానికి నేనొక్కదాన్నేనేమో. మూడు రోజులు బుగ్గన లవంగం పెట్టుకుని, ఉప్పునీళ్ళు పుక్కిలిస్తూ, బడిలో పిల్లలకు సగం పాఠం సైగలతోనే చెప్పాను. నాలుగో రోజు పొద్దున లేచేసరికి నొప్పి లేదు. పేపరు చదువుతున్న మావారు తలెత్తకుండానే, "తగ్గిపోయిందిగా, ఇంకా డాక్టరేంటి, గీక్టరేంటి" అన్నారు. నేను చెప్పులేసుకుని ఆటో ఎక్కేశాను. తగ్గింది కాబట్టే వెళ్తున్నానంటే ఆయనకు అర్థం కాదు. అర్థమయ్యేలా చెప్పాలంటే మా మేనత్త దగ్గర మొదలుపెట్టాలి. ఆవిడ దగ్గర మొదలుపెడితే ఆటోవాడు ఆగడు.

డాక్టరమ్మది నా దగ్గర చదువుకున్న పిల్లలంత వయసు. గదంతా లవంగనూనె వాసన. చిన్న అద్దం నోట్లో పెట్టి అటూ ఇటూ చూసి, నొప్పి పుట్టిన పన్ను సంగతి వదిలేసి, "మీరు కుట్టుపని చేస్తారాండీ?" అంది. నోరు తెరిచి ఉంది కాబట్టి తల అడ్డంగా ఊపాను. "పైన కోరపన్ను పక్కన చిన్న గాడి పడిందండి. ఏళ్ళ తరబడి దారం కొరికేవాళ్ళకి ఇలా అవుతుంది" అని, ఎక్స్‌రే తీయించి, అది చూసేదాకా బయట కూర్చోమంది. కూర్చున్నాను. నాలుక దానంతటదే వెళ్ళి ఆ గాడిని వెతుక్కుంది. గోరంతైనా లేదు. అందులో మా అత్తయ్య ఉంది.

తొంభైల చివరి మాట. మాది ఉప్పాడ వైపు. నాకు రాజమండ్రిలో డిగ్రీ సీటు వస్తే, హాస్టల్లో వేయడానికి మా నాన్నకు మనసొప్పక, కడియం దగ్గర ఉండే తన అక్క ఇంట్లో దింపి వెళ్ళాడు. అత్తయ్యకూ మావయ్యకూ అరెకరం నర్సరీ ఉండేది. ఇల్లు ఎక్కడ ఆగి నర్సరీ ఎక్కడ మొదలవుతుందో చెప్పడం కష్టం. నా మంచం కింద గులాబీ కొమ్మలు, స్నానాల గది బయట క్రోటన్ తొట్ల వరుస. చుట్టాలొస్తే కూర్చోమనే ముందు కుర్చీ మీంచి మొక్కను దింపాలి. పిల్లల్లేని ఇల్లు కదా, బోసిగా ఉంటుందనుకుని వెళ్ళాను. కాలు పెట్టే చోటు దొరకలేదు. నీళ్ళు పెట్టడం, లారీల వాళ్ళతో మాట్లాడడం మావయ్య చూసుకునేవాడు. అంటు కట్టడం మాత్రం అత్తయ్యదే.

వానాకాలం వచ్చిందంటే జామ, నిమ్మ, దానిమ్మ కొమ్మలకు అంట్లు కడతారు. కొమ్మ మీద ఒకచోట బెరడును ఉంగరంలా తీసేసి, అక్కడ తడి నాచు ముద్దగా పెట్టి, ప్లాస్టిక్ కాగితం చుట్టి, రెండు కొసలా పురికొసతో బిగించాలి. లోపల వేళ్ళు దిగాక కొమ్మ కోసి తొట్టిలో పెడితే అదే కొత్త మొక్క. చెప్పడానికి తేలికే. ఎడమ చెయ్యి నాచు జారకుండా పట్టుకోవాలి, కుడి చెయ్యి పురికొస చుట్టాలి, మరి బిగించడానికి మూడో చెయ్యేదీ? ఆ పని అత్తయ్య కుడివైపు కోరపన్నూ, దాని పక్క పన్నూ చేసేవి. పురికొస ఒక కొస వాటి మధ్య పట్టి, తల పక్కకు ఒక్క విదిలింపు విదిలించేది. ముడి బిగిసిపోయేది. పనిలోకి వచ్చే ఆడవాళ్ళు నలుగురూ అలాగే పళ్ళతోనే పట్టేవారు కానీ, ఆవిడ కట్టిన అంటు పోదని చుట్టుపక్కల నర్సరీలన్నిటా పేరు. పక్క ఊరి వాళ్ళు కూడా మంచి రకం జామకు అంటు కట్టాలంటే రిక్షా పంపేవారు. ఆ రోజు ఆవిడ ఇస్త్రీ చీర కట్టుకుని వెళ్ళేది.

ఆవిడ దగ్గర ఒకటే నియమం. కట్టాక విప్పి చూడకూడదు. లోపల ఏం జరుగుతోందో చూడాలని చెయ్యి దురద పెడుతుంది, కానీ గాలి తగిలితే లేత వేరు చచ్చిపోతుంది. వెళ్ళిన మొదటి నెలలోనే నేను ఒక జామ అంటు విప్పి చూశాను. అది ఎండిపోయింది. అత్తయ్య ఆ ఎండు కొమ్మను తెచ్చి, నేను తల దువ్వుకునే అద్దం పక్కన మేకుకు వేలాడదీసింది. రోజూ దాన్ని చూస్తూ జడ వేసుకునేదాన్ని.

ఆ ఏడు ఆషాఢంలో, పని మంచి జోరు మీద ఉండగా, సరిగ్గా ఆ పన్నే నొప్పి పుట్టింది. రాజమండ్రి వెళ్దాం రమ్మంటే కదిలేది కాదు. "పీకేస్తాడే అమ్మడూ. ఈ పన్నెళ్ళిపోతే నేనింక దేనికి?" అంది ఒకసారి, నవ్వుతూనే. ఆ నవ్వులో ఉన్న భయం నాకిప్పుడు కనిపిస్తున్నంత బాగా అప్పుడు కనపడలేదు. నాకు పద్దెనిమిదేళ్ళు, నా నోట్లో ముప్ఫై పళ్ళూ గట్టిగా ఉన్నాయి.

కాలు విరిగితే మనిషికి ఒకే డాక్టరు, పన్ను నొప్పెడితే ఊరంతా డాక్టర్లే. పక్కింటావిడ వెల్లుల్లి దంచి పెట్టమంది. వాళ్ళ అత్తగారు వెల్లుల్లి తప్పు, ఇంగువ దూదిలో చుట్టి పెట్టాలంది. ఈ విషయం మీద అత్తాకోడళ్ళు రెండు రోజులు మాట్లాడుకోలేదు. జామతోటలో ఉన్నాం కాబట్టి లేతాకులు కోసి కషాయం కాచి, పుక్కిలించమని నేను ఇచ్చేదాన్ని. ఆ గిన్నె కంపు వంటింట్లో వారం పోలేదు. పనిలోకి వచ్చే ముసలామె ఒకావిడ అడ్డపొగ వేసేది. నిప్పున్న కొస నోట్లోకి తిప్పుకుని చుట్ట కాలుస్తూ, "పొగ పట్టండమ్మగారూ, నాకెప్పుడైనా పన్ను నొప్పెట్టగా చూశారేంటండీ?" అంది. చూడలేదు నిజమే. ఆవిడ నోట్లో నొప్పెట్టడానికి ఒక్క పన్నూ లేదు. మావయ్య బీరువాలో పంచెల వెనక నుంచి ఒక సీసా తీసుకొచ్చి, ఇది పుక్కిలించి ఉమ్మేయమన్నాడు. ఆ సీసా ఒకటుందన్న సంగతి అత్తయ్యకు అప్పుడే తెలిసింది. ఆ పూటకు పంటినొప్పి మరుగున పడిపోయింది.

నిజంగా ఉపశమనం ఇచ్చింది మాత్రం పాక వెనక తొట్టిలోని మొక్క. చొక్కా గుండీల్లా పసుపుపచ్చ పూలు పూసేది. దాని అసలు పేరేమిటో నాకిప్పటికీ తెలియదు, మేము పంటినొప్పి మొక్క అనేవాళ్ళం. మొగ్గ కొరికితే చీమలు పాకినట్టయి నాలుకా చిగుళ్ళూ మొద్దుబారిపోయేవి. ఊళ్ళో ఎవరికి పన్ను సలిపినా వచ్చి రెండు మొగ్గలు కోసుకెళ్ళేవారు. అమ్మకానికి పెట్టమంటే, "నొప్పితో వచ్చినోళ్ళకి బేరమేంటి, ఛా" అని అత్తయ్య కొట్టిపారేసేది. ఇప్పుడు ఆవిడే పూటకో మొగ్గ బుగ్గన పెట్టుకుని, లాలాజలం కారుతుంటే కొంగుతో తుడుచుకుంటూ అంట్లు కట్టేది. కట్టినప్పుడల్లా కళ్ళలో నీళ్ళు తిరిగేవి. వాన తుంపర అని చెప్పేది.

చూడలేక మావయ్య నన్ను పురమాయించాడు. నా కాలేజీ దారిలోనే ఒక పళ్ళ డాక్టరు ఉండేవాడు. వెళ్ళి గురువారానికి అత్తయ్య పేరు రాయించి వచ్చాను. మంగళవారం పొద్దున నొప్పి ఆగిపోయింది. తగ్గడం కాదు, అసలు లేకుండా పోయింది.

"పట్టిందే అమ్మడూ!" అంది అత్తయ్య, చిన్నపిల్లలా మెరిసిపోతూ.

"ఏంటత్తయ్యా?"

"పన్నే. అంటు పట్టినట్టు కుదురుకుపోయింది. ఇంక దాన్ని కదపకూడదు."

"ఎలాగూ పేరు రాయించాను కదా, ఒకసారి చూపిద్దాం."

"కట్టింది విప్పి చూస్తే ఏమవుద్దో నీకు తెలీదా ఏంటి?" అని అద్దం పక్కన మేకు వైపు చూసింది.

నేనూ చూశాను. ఎండు కొమ్మ. ప్రాణమున్న దేని విషయంలోనూ అత్తయ్య పొరబడడం నేనెప్పుడూ చూడలేదు. కాలేజీలో జీవశాస్త్రం చదువుతున్న దాన్ని, ఆవిడ మాటే నమ్మాను. గురువారం సాయంత్రం మావయ్య అడిగితే, ఆవిడ చెప్పమన్నట్టే, "చూపించేశాం మావయ్యా, తగ్గిపోయిందన్నారు" అన్నాను. నా జీవితంలో చెప్పిన అబద్ధాల్లో అంత తేలిగ్గా నోటికి వచ్చింది మరొకటి లేదు. ఆ తర్వాత పన్నెండు రోజులు మా ఇంట్లో పండగే. అత్తయ్య కూనిరాగాలు తీస్తూ, నిమ్మ వరుసంతా కట్టేసింది.

పదమూడో రోజు చెంప బన్నురొట్టెలా ఉబ్బింది. జ్వరం. ముగ్గురం రాజమండ్రి వెళ్ళాం. ఆ డాక్టరుగారు పెద్దాయన, నెమ్మదస్తుడు. "నొప్పి ఆగిన రోజున వచ్చుంటే రెండు పళ్ళూ దక్కేవమ్మా. నొప్పి తగ్గింది కాదు, లోపల నరం చచ్చిపోయింది. ఆ తర్వాత చీము పక్క పంటికీ పాకింది" అన్నాడు. ఏమీ చేయడానికి లేక వాపు దిగాక రెండు పళ్ళూ తీసేశాడు. బయటికొచ్చాక మావయ్య నా వైపు చూసి, "తగ్గిపోయిందన్నారన్నావు కదమ్మా" అన్నాడు. అంతే. కోప్పడి ఉంటే బాగుండేది. అత్తయ్య నోటి నిండా దూది ఉంది. మాట్లాడలేక, తల అడ్డంగా ఊపుతూ తన గుండె మీద వేలు పెట్టి చూపించుకుంది. తప్పు నాదే, దానిది కాదు అని. ఆ తర్వాత బస్సులో ఇంటిదాకా నా చెయ్యి వదల్లేదు.

తిరిగి తోటలో కూర్చున్న రోజు నాకు బాగా గుర్తు. ఎడమవైపు పళ్ళతో పట్టి చూసింది. తల ఆ వైపుకు విదిలించడం ఆవిడకు రాలేదు. ముడి వదులై నాచు జారి ఒళ్ళో పడింది. ఇంకోసారి కట్టింది, మళ్ళీ జారింది. మూడోసారి పురికొస ఉండ ఒళ్ళో పెట్టుకుని ఊరికే కూర్చుంది. ఆవిడ చేతులు ఊరికే ఉండడం నేను అదే మొదటిసారి చూడడం. మిగతా ఆడవాళ్ళు పని చేసుకుంటున్నట్టు తలలు దించుకున్నారు. నాకు ఏం చెయ్యాలో తోచక, వెళ్ళి పక్కన కూలబడి, ఆవిడ చేతిలో కొస లాక్కుని నా పళ్ళ మధ్య పెట్టుకున్నాను.

అత్తయ్య నాచు ముద్ద అందుకుని మళ్ళీ కొమ్మకు పెట్టింది. "గట్టిగా పట్టు. లాగినప్పుడు తలొదిలేయకు" అంది. చుట్టింది, బిగించింది. నా పుర్రె కదిలింది. ముడి మాత్రం బిగిసింది. "పర్లేదే, పన్ను మంచిదే" అంది.

ఆ వానాకాలం మిగిలినదంతా, తర్వాతి రెండు వానాకాలాలు, కాలేజీ నుంచి రాగానే అన్నం కూడా తినకుండా పరుగెత్తేదాన్ని. ఒకే కొమ్మ కింద ఇద్దరం తలకు తల ఆనించి కూర్చోవాలి, లేకపోతే కొస అందదు. ఆవిడ జుట్టు కొబ్బరినూనె వాసన, తడి నాచు వాసన. నోట్లో తడిసిన పురికొస రుచి, అందులో కాస్త మట్టి, ఆవిడ చేతి పసుపు. ఇంత కాలం గడిచినా ఆ రుచి కోసం నా ప్రాణం కొట్టుకుంటుంది. ఆవిడ ఎన్నో కబుర్లు చెప్పేది, నేను "ఊ" అనేదాన్ని. నోట్లో కొస ఉంటే అంతకంటే ఏమనగలం? ఆ రోజు నేను మావయ్యకు నిజం చెప్పి ఉంటే నీ పన్ను నీకుండేది కదా అత్తయ్యా అని అడగాలని ఎన్నిసార్లు అనుకున్నానో. చెంప పక్కనే చెంప ఉండేది. నా నోరే ఖాళీగా ఉండేది కాదు. ఉద్యోగం వచ్చాక కూడా సెలవు దొరికితే వెళ్ళి కట్టించేదాన్ని. తర్వాత ఒక ఎండాకాలం, వానలు ఇంకా పడకముందే, ఆవిడ వెళ్ళిపోయింది. పంటినొప్పి మొక్క ఒకటి తెచ్చుకున్నాను కానీ, మా మేడ మీద అది బతకలేదు.

ఇంతలో లోపలికి పిలిచారు. డాక్టరమ్మ ఎక్స్‌రే ఫిలిం వెలుతురుకు పెట్టి చూపించింది. నరం పోయిందట, కానీ చీము ఇంకా పాకలేదట. లోపల శుభ్రం చేసి నింపితే పన్నుకు ఢోకా లేదంది. ఆ పూటే మొదలుపెట్టింది. పని చేస్తూ, "పనిలో పని, ఆ గాడి కూడా పూడ్చేయనాండీ? అసలు తెలియదు" అంది. చెయ్యెత్తి వద్దన్నాను, కాస్త గట్టిగానే. పాపం, ఉలిక్కిపడింది. ముగించి, దూది పెట్టి, చేతి తొడుగులు తీసేస్తూ నవ్వింది. "నొప్పి తగ్గాక ఎవరూ రారండి. మీరు మాత్రం సరైన టైముకి వచ్చారు."

పాతికేళ్ళు ఆలస్యంగా వచ్చానమ్మా, అందామనుకున్నాను. నోటి నిండా దూది ఉంది.